శాండ్‌విచ్‌కి బక్రం

మార్చి 4, మంగళవారం

కొలతల పుస్తకాన్ని తిరగేసి వెనక నుంచి రాస్తున్నాను. ముందు వైపు ఊళ్ళో వాళ్ళ ఛాతీలూ నడుములూ ఉన్నాయి. వెనక వైపు ఎవరూ చూడరు. కాజాలు కుట్టే పిన్నికి చదువు రాదు. మా ఆవిడ ఈ పుస్తకం ముట్టుకోదు, నా రాతని కోడి కెలికిన నేల అంటుంది. ఎవరికీ చెప్పుకోలేనిది ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా.

ఇవాళ పొద్దున్న మా ఆవిడ తన గౌన్లు రెండు తెచ్చి మిషను మీద పెట్టింది. ఆఫీసు కాంటీన్‌లో వంటకి వేసుకెళ్ళేవి, పక్కన జేబులున్నవి. "నడుము దగ్గర కత్తిరించి కుట్టేయండి, జారిపోతున్నాయి" అంది. ఎంత తగ్గించాలి అంటే "మీకు తెలీదా?" అంది. తెలీదు. టేపు పెట్టి చూశాను. ఇరవై తొమ్మిదిన్నర. పన్నెండో పేజీ తీస్తే ఆ గౌన్లు కుట్టిన నాటి కొలత ముప్పై ఒకటిన్నర.

రెండు అంగుళాలు. దారిన పోయేవాడి భుజం ఒక పక్కకి వంగిందని పది గజాల దూరం నుంచి చెబుతాను. పక్కన కూర్చునే మనిషి రెండంగుళాలు కరిగిపోతే టేపు పెట్టేదాకా తెలీలేదు.

గౌన్లు కత్తిరించలేదు. లోపలికి మడిచి పెద్దపెద్ద కచ్చా కుట్లు వేసి ఇచ్చేశాను. బట్ట మంచిది, అందుకే.

మార్చి 5

మధ్యాహ్నం తను తిన్నది నాలుగు ముద్దలు. లెక్కపెట్టాను.

మార్చి 6, గురువారం

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. తను రానంటే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. జనవరిలో వచ్చిన జ్వరం నుంచి ఇలాగే ఉందండీ అన్నాను. రక్తపరీక్షల్లో ఏమీ లేదు. తూకం నలభై ఆరు కిలోలు. జ్వరానికి ముందు యాభై రెండు.

"ఆకలి వేస్తుందా? తింటే రుచి తెలుస్తోందా?" అని డాక్టరమ్మ అడిగింది. మా ఆవిడ నా వైపు చూసి, "బాగానే తెలుస్తోంది" అంది.

"నలభై నాలుగు దాటి కిందికి వెళ్తే ఆస్పత్రిలో చేర్చుకుని సెలైన్ ఎక్కించాల్సిందే. అంతదాకా రానివ్వకండి. కూరగాయలు, శనగలు, పనీరు, ఏదైనా సరే, తనకి ఇష్టమైనది కొంచెం కొంచెంగా పెట్టండి" అంది డాక్టరమ్మ. చివరి మాట నన్ను చూసి అంది, వంట చేసేది నేనన్నట్టు.

దారిలో అడిగాను. "నీకేం తినాలనుంది?"

"ఏం లేదండీ."

"ఒక్కటైనా?"

"మీరు తినండి, నేను చూస్తాను."

నాకు తెలుసు ఇది ఏమిటో. ఇది అలక. ఫిబ్రవరిలో ఒక ఆదివారం నేను నోరు జారాను. ఆ మాట ఇక్కడ రాయను. సరదాకి అన్నదే. ముప్పై ఏళ్ళ కాపురంలో అంతకన్నా పెద్దవి అనుకున్నాం, సాయంత్రానికి మరిచిపోయాం. ఈసారి తను మరిచిపోలేదు. నేనెందుకు బతిమాలాలి? అదే మంకుపట్టు నాకూ ఉంది.

మార్చి 7

బతిమాలను. కానీ పెడతాను. రెండూ వేరు.

తనకి ఇష్టమైనదేమిటని కాజా పిన్నిని అడిగాను. పిన్నికి అరవై ఏడు. మా కొట్టు ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని ఇరవై ఏళ్ళుగా కాజాలు కుడుతోంది. ఇంట్లో సంగతులు నాకంటే ఆవిడకే ఎక్కువ తెలుసు.

"కాంటీన్‌లో ఆ కాల్చిన శాండ్‌విచ్ చేస్తుంది చూడు, అదిరా. పదకొండు గంటలకి దాని కోసం నాలుగో అంతస్తు గుమాస్తాలు మెట్లు దిగి పరిగెత్తుకొస్తారట. రోజు మొత్తంలో తను ఇష్టంగా తినేది అదొక్కటేనని నాతో అంది."

నాతో అనలేదు. నేనెప్పుడూ ఆ శాండ్‌విచ్ తినలేదు కూడా. ఇంట్లో చేయమని అడగలేదు, తను చేయలేదు. కాంటీన్‌కి సెలవు పెట్టి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు.

"నేనే చేస్తాను" అన్నాను.

పిన్ని సూది ఆపి, "నువ్వా? నీళ్ళు కాచినా మాడగొట్టేవాడివి కదరా అబ్బాయ్" అంది.

మార్చి 9, ఆదివారం

ఏది ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను. మళ్ళీ చదివి బుద్ధి తెచ్చుకోవాలి.

గోధుమ బ్రెడ్డు తెచ్చాను. కీరా, టమాటా, ఉల్లిపాయ, క్యారెట్టు, పుదీనా, కొత్తిమీర తెచ్చాను. మా ఆవిడ లోపల పడుకుంది. ముక్కలు కోయడం నాకు కష్టం కాదు, చెయ్యి వణకదు. కీరా చక్రాలన్నీ ఒకే మందం, స్కేలు పెట్టి చూసుకున్నా తేడా లేదు. పుదీనా, కొత్తిమీర, పచ్చిమిరపకాయ మిక్సీలో వేసి, తిరగకపోతే నీళ్ళు పోశాను. తిరిగింది. బ్రెడ్డు అంచులు అరంగుళం వదిలి కత్తెరతో కత్తిరించాను. కొట్టు కత్తెర కాదు, కొత్తది.

కాల్చడం దగ్గర వచ్చింది చిక్కు. కాంటీన్‌లో పైనా కిందా ఇనుప పలకలున్న యంత్రం ఉంటుంది. మన దగ్గర లేదు. కానీ పైనుంచి నొక్కి వేడి చేసేది ఇంకోటి ఉందిగా! ముప్పై ఐదేళ్ళుగా ఎవరి ప్యాంటు మడత నా ఇస్త్రీతో సూటిగా నిలవలేదు? శాండ్‌విచ్‌ని కాగితంలో చుట్టి, బల్ల మీద పెట్టి, ఇస్త్రీ పెట్టె వేడి చేశాను. ఇక్కడే చెయ్యి దానంతటది పనిచేసింది. ఏ బట్టనైనా ముందు తడి గుడ్డ పరిచి, నాలుగు చుక్కలు నీళ్ళు చల్లి, అప్పుడు నొక్కడం నాకు అలవాటు. తడి గుడ్డ పరిచాను. నీళ్ళు చల్లాను. ఆవిరి బుస్సున లేచింది. ఎంత బాగా పడిందో మడత అనుకున్నాను.

కాగితం విప్పితే తడిసిన పుస్తకంలా ఉంది. బ్రెడ్డు గుజ్జయింది, చట్నీ నాలుగు పక్కలా కారింది. అంచులు మాత్రం సూటిగా ఉన్నాయి.

అదే పెట్టాను. ఏం చేయను, ఇంకేం లేదు. మా ఆవిడ పళ్ళెంకేసి చూసింది. "మీరు చేశారా?" అంది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నములుతూ ఉండిపోయింది. "బాగుంది" అంది. మిగతాది పక్కకి పెట్టింది.

బాగుందట! నేను తింటే నాకే దిగలేదు.

మార్చి 10

పెనం మీద కాల్చాను. ఇస్త్రీ పెట్టెని చల్లగానే బరువుకి పెట్టాను. నీళ్ళు చల్లలేదు. అయినా మెత్తబడింది. టమాటా నీళ్ళు.

మార్చి 11, మంగళవారం

కనిపెట్టాను!

ఒక చొక్కాకి కాలరు కుడుతున్నాను. రెండు గుడ్డల మధ్య బక్రం పెట్టి అతికిస్తుంటే బుర్రలో వెలిగింది. కాలరు నిటారుగా నిలబడేది బక్రం వల్లే. అది లేకపోతే చెమటకి తడిసి చెవి వేలాడేసిన కుక్కలా పడిపోతుంది. బ్రెడ్డుకీ టమాటాకీ మధ్య ఏముంది? ఏమీ లేదు. మరి తడి నేరుగా బ్రెడ్డులోకి పోక ఏం చేస్తుంది?

కాలరు అలాగే వదిలేసి లోపలికెళ్ళాను. శనగలు ఉడికించి, మిరియాల పొడి, జీలకర్ర పొడి, నిమ్మరసం వేసి ముద్దగా మెదిపాను. రెండు బ్రెడ్డు ముక్కలకీ లోపలి వైపు ఆ ముద్ద మందంగా పరిచాను. టమాటాలో గింజలు, నీళ్ళు తీసేశాను. చట్నీ గుడ్డలో వేసి పిండాను. వెన్న వేయలేదు, చిన్న కుంచెతో నాలుగు చుక్కల నూనె రాశాను. పెనం, పైన ఇస్త్రీ పెట్టె.

కారలేదు. ఒక్క చుక్క కారలేదు.

పిన్నికి సగం పెట్టాను. తినేసి వేళ్ళు నాకింది. "కాస్త మెత్తగానే ఉందిరా, ముసలిదాన్ని, నాకు హాయిగానే ఉంది" అంది. మా ఆవిడ గదిలో కిటికీ దగ్గర కూర్చుని తిన్నది. నేను కొట్లోకి వెళ్ళి వచ్చేసరికి పళ్ళెం ఖాళీ.

"ఎలా ఉంది?"

"చాలా బాగుంది."

మార్చి 13

మొత్తం తింది.

మార్చి 14

మొత్తం తింది. చట్నీలో ఉప్పు సరిపోయిందా అంటే సరిగ్గా సరిపోయింది అంది. అలక తీరుతోంది. నేను బతిమాలనూ లేదు, పని జరిగిపోయింది. నాకు ఈల వేయాలనిపించింది. వేశాను. ఒకతని ప్యాంటు కొలత తీస్తుంటే వేశాను, అతను ఉలిక్కిపడ్డాడు.

మార్చి 16, ఆదివారం

బావమరిది వచ్చాడు. బస్సు కండక్టరు, ఆదివారం ఒక్కటే తీరిక. అక్కని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అక్కా, ఏంటే ఇలా అయిపోయావ్?" అన్నాడు. మా ఆవిడ "ఏమైపోయాను, రా కూర్చో" అంది.

నా శాండ్‌విచ్‌లు రెండు తిన్నాడు. నన్ను కొట్లోకి లాక్కొచ్చి, "బావా, నిజం చెప్పు, అక్క తింటోందా?" అన్నాడు.

"రోజూ ఒకటి పూర్తిగా తింటోందిరా."

"మరి ఒళ్ళెందుకు రావట్లేదు?"

"అప్పుడేనా? నాలుగు రోజులేగా."

"ఆ రోజు నువ్వు అలా అనకుండా ఉండాల్సింది బావా. నేను నవ్వకుండా ఉండాల్సింది."

కాలరు కుడుతున్నట్టు నటించాను. వాడు కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు.

మార్చి 18, మంగళవారం

రెండో గౌను మళ్ళీ తెచ్చింది. ఇంకా జారిపోతోందట. ఇంకో అరంగుళం బిగించమంది.

ఏ బట్ట బాగుచేతకి వచ్చినా ముందు జేబులు తిరగేసి దులపడం నా పద్ధతి. ఎప్పుడో ఒకసారి జేబులో ఉన్న పెన్ను మిషను కింద పడి తెల్ల చొక్కా పాడైంది, అప్పట్నుంచీ. గౌను కుడి జేబు తిరగేశాను.

బ్రెడ్డు ముక్కలు. ఎండిపోయి అట్టలా అయినవి. ఎండిన కీరా చక్రం ఒకటి, అదే మందం. జేబు మూల కుట్టులో శనగ ముద్ద గట్టిపడి ఉంది. ఎడమ జేబులోనూ అంతే. ఉతికేముందు దులిపేద్దామని మరిచిపోయినట్టుంది. ఆ జేబులు లోతుగా ఉండాలని నేనే తొమ్మిది అంగుళాలు పెట్టి కుట్టాను.

పిన్ని చూసింది. కాజా మధ్యలో దారం తెంపేసి మళ్ళీ ఎక్కించుకుంది.

జేబులు దులిపి, ఇంకో మడత వేసి, కచ్చా కుట్లు వేసి ఇచ్చేశాను. కత్తిరించలేదు.

మార్చి 19

మందుల షాపు దగ్గర తన తూకం చూశాను. నలభై నాలుగున్నర.

నేను అడగలేదు. తను చెప్పలేదు. మధ్యాహ్నం శాండ్‌విచ్ చేసి ఇచ్చాను. "బాగుంది" అంది. నేను కొట్లోకి వెళ్ళిపోయాను, తను దాచుకోవడానికి వీలుగా.

మార్చి 20, గురువారం

ఇవాళ్టిది రాయడానికి చెయ్యి రావట్లేదు. అయినా రాస్తాను.

పొద్దున్న పెనం మీద శాండ్‌విచ్ పెట్టాను. మా ఆవిడ వంటింట్లోనే స్టూలు మీద కూర్చుని, వీపు పొయ్యి వైపు పెట్టి, కిటికీ వెలుగులో క్యారెట్టు చెక్కు తీస్తోంది. ఈలోగా ప్యాంటు కోసం ఒకాయన వచ్చాడు. ముందుకి వెళ్ళాను. పొడవు చాలలేదంటాడు, చాలింది అంటాను. మాట మీద మాట పెరిగింది. పది నిమిషాలయ్యాక పిన్ని "ఏదో కాలుతోందిరా!" అని అరిచింది. పరిగెత్తాను. పొయ్యి మీద పొగ లేస్తోంది. పెనం మీద నల్ల బొగ్గు. ఇస్త్రీ పెట్టె పిడి కూడా వేడెక్కిపోయింది. తను అక్కడే, రెండు అడుగుల దూరంలో, తీరిగ్గా చెక్కు తీస్తోంది.

వారం రోజుల జేబులు, పొద్దుటి ప్యాంటు, అన్నీ కలిసి నోట్లోంచి ఊడిపడ్డాయి.

"ముక్కుందా లేదా నీకు? ఇల్లంతా కంపు కొడుతుంటే కూర్చుని చెక్కు తీస్తున్నావా? నా చేతి తిండి మీద అంత కక్షైతే మొహం మీద చెప్పు, జేబుల్లో దాచడం ఎందుకు?"

తను లేచి నిలబడింది. పొగ చూసింది, పెనం చూసింది. చేతిలో క్యారెట్టు అలాగే ఉంది.

"లేదండీ. ముక్కు లేదు నాకు" అంది.

నాకు అర్థం కాలేదు. తనే చెప్పింది. జనవరి జ్వరం తగ్గిన రోజు నుంచి వాసన పోయిందట. మొదట జలుబనుకుంది. జలుబు తగ్గింది, వాసన రాలేదు. కాఫీ లేదు, పుదీనా లేదు, సబ్బు లేదు. ఉప్పూ పులుపూ నాలిక చివర లీలగా తెలుస్తాయట, అంతకు మించి ఏమీ లేదు. "ఏం తిన్నా నోట్లో తడి దూది పెట్టుకున్నట్టు ఉంటుంది. మెత్తటిదైతే మరీ. మింగలేను. వాంతి వచ్చినంత పనవుతుంది. మీరు రోజూ అంత కష్టపడి చేస్తుంటే ఎలా చెప్పను?"

నేను వారం రోజులుగా శనగ ముద్ద మందంగా పరిచి మెత్తమెత్తగా చేసి పెట్టాను.

"డాక్టరమ్మ అడిగింది కదా. తెలుస్తోందన్నావు."

"మీరు పక్కనున్నారు. కాంటీన్‌లో తెలిస్తే? వాసన తెలియని వంటమనిషిని ఎవరు పెట్టుకుంటారండీ? అక్కడ గిన్నెలు కడిగే ఆమెని 'ఇది వేగిందా చూడు' అని ఏదో వంకతో అడిగి నెల రోజులు నెట్టుకొచ్చాను. ఆ తర్వాత భయమేసి సెలవు పెట్టేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

తను క్యారెట్టుని బల్ల మీద పెట్టింది. "చెప్దామనే అనుకున్నాను. ఆ ఆదివారం తమ్ముడు వచ్చాడు కదా, భోజనాలయ్యాక మీ ఇద్దరికీ కలిపి చెప్దామనుకున్నాను. ఈలోగా మీరు అన్నారు."

ఇక రాయాలి. ఆ రోజు కూరలో ఉప్పు ఎక్కువైంది. అడుగంటిన వాసన కూడా వచ్చింది. నేను బావమరిది వైపు తిరిగి, "మీ అక్క చేతిలో రుచి చచ్చిపోయిందిరా, ఇక మనిద్దరం హోటల్ చూసుకోవాల్సిందే" అన్నాను. వాడు నవ్వాడు. నేను ఇంకా గట్టిగా నవ్వాను. తను కూడా నవ్వింది. నవ్వి, లేచి, మంచినీళ్ళు తెచ్చింది.

చేతి వేళ్ళన్నీ ముప్పై ఏళ్ళ వంటతో కాయలు కాసిన మనిషిని పట్టుకుని నేనన్న మాట అది. సరదాకి అన్నదే అని మార్చి ఆరున రాసుకున్నాను. పేజీ చింపేద్దామనుకున్నాను. ఉండనీ.

అది అలక కాదు. నాకే సౌకర్యంగా ఉంటుందని అలక అని పేరు పెట్టుకున్నాను.

"తప్పయిపోయింది" అన్నాను. ముందుగదిలోంచి ఆయన "నా ప్యాంటూ..." అంటున్నాడు. పిన్ని, "ఇవాళ కొట్టు మూసేశాం, రేపు రండి" అని ఆయన్ని బయటికి పంపి తలుపు వేసేసింది.

మార్చి 22, శనివారం

డాక్టరమ్మకి ఈసారి అన్నీ చెప్పింది. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను, తను లోపలికి పిలిచేదాకా. జ్వరం తర్వాత కొందరికి ఇలా అవుతుందట. నెలల్లో తిరిగి రావచ్చు, కొంచెమే రావచ్చు, మాట ఇవ్వలేనంది. రోజూ పొద్దునా సాయంత్రం తెలిసిన వాసనలు నాలుగు ముక్కు దగ్గర పెట్టుకుని గుర్తు తెచ్చుకోవాలట.

"అంతదాకా తినాలి కదమ్మా. కరకరలాడేవి తినండి, పుల్లగా, కారంగా, చల్లగా, వేడిగా. వాటికి ముక్కుతో పెద్దగా పని లేదు" అంది.

బయటికొచ్చాక మా ఆవిడ "కరకరలాడేవి" అని తనలో తను అనుకుంది. బజారు దగ్గర ఆగి, బ్రెడ్డు తనే నొక్కి చూసి కొంది. నిన్నటి బ్రెడ్డు కావాలని అడిగి మరీ. తాజాది మెత్తగా ఉంటుందట, పనికిరాదట.

మార్చి 23, ఆదివారం

ఇద్దరం కలిసి చేశాం. తను చెప్పింది, నేను చేశాను. కాదు, తను చేసింది, నేను వాసన చూశాను.

మొదట నా పద్ధతి మొత్తం అడిగింది. చెప్పాను. తడి గుడ్డ పరిచి ఇస్త్రీ చేశానని చెప్పేసరికి స్టూలు మీద కూలబడి నవ్వింది. నవ్వుతుంటే మెడ నరాలు బయటికొచ్చాయి, అయినా ఆపలేదు. "శాండ్‌విచ్‌కి ఇస్త్రీయా! ఇంకా నయం, గంజిలో ముంచకుండా వదిలేశారు!" అంది. నెలన్నర తర్వాత విన్న నవ్వు అది.

తర్వాత పని మొదలుపెట్టింది. బ్రెడ్డు ముక్కల్ని ముందు ఏమీ రాయకుండా పొడి పెనం మీద రెండు వైపులా కాల్చింది. "లోపలి వైపు కూడా కాల్చాలండీ. అదే మీరు చేయంది." చట్నీలో పచ్చిమిరపకాయలు రెట్టింపు వేసి, నీళ్ళ బదులు నిమ్మకాయ పిండింది, వేయించిన పల్లీలు రెండు గుప్పిళ్ళు వేసి బరకగా తిప్పింది.

అంతకుముందు పల్లీలు వేయిస్తున్నప్పుడు "వేగాయా చూడండి" అని బాణలి నా ముక్కు కింద పెట్టింది.

"వేగాయి."

"ఎలా ఉంది?"

"వేగినట్టుంది."

"అలా కాదు. చెప్పండి. నాకు తెలియాలి కదా."

చిక్కొచ్చి పడింది. వాసనని ఎలా చెబుతారు? "ఇస్త్రీ పెట్టె కింద ఖద్దరు వేడెక్కుతుంటే ఉంటుంది చూడు, మాడటానికి కాస్త ముందు. దానికి కొంచెం తీపి కలిపినట్టు" అన్నాను. తను కళ్ళు మూసుకుని తలూపింది. "అయితే దించేయాలి" అంది. పుదీనాకి నాకు మాట దొరకలేదు. చలికాలం పొద్దున కొట్టు తలుపు తీస్తే మొహాన కొట్టే గాలి అన్నాను. "ఇన్నేళ్ళలో మీరు నాతో ఇంత ఒళ్ళు వంచి మాట్లాడింది లేదు" అంది.

శనగ ముద్ద తీసేస్తుందేమోనని భయపడ్డాను. తీయలేదు. "మీ బక్రం మంచి ఆలోచనే. మందం తప్పు" అంది. కత్తి వెనక వైపుతో కాగితమంత పల్చగా పూసింది. మీద పచ్చి క్యారెట్టు తురుము, కీరా, కాప్సికం, ఉల్లి చక్రాలు, పనీరు పొడి. టమాటా వద్దంది. "దాన్ని పక్కన పెట్టుకుని తినొచ్చు. లోపలికి వెళ్ళి అందరినీ తడిపేస్తుంది." నూనె కుంచె, పెనం, పైన నా ఇస్త్రీ పెట్టె.

ఎప్పుడు తీయాలో నేను వాసన చూసి చెబుదామని వంగాను. చేత్తో ఆపింది. తలని పక్కకి వంచి వింటోంది. పెనం మీద చిటపటలు మొదట గట్టిగా ఉన్నాయి, తర్వాత సన్నబడ్డాయి. పూర్తిగా ఆగిపోయే ముందు "ఇప్పుడు" అంది. తీసి కత్తి మొనతో తట్టింది. టక్ టక్ మంది, చెక్క బల్ల మీద తట్టినట్టు.

"కాంటీన్ గోలలో ఇది ఎప్పుడూ వినలేదు" అంది.

కోణంగా కోసి ఒక ముక్క కొరికింది. ఆ చప్పుడు ముందుగదిలోకి వినబడి ఉంటుంది. నములుతూ ఉంది. తన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏమైంది?"

"కారం" అంది. "కారం తెలుస్తోందండీ."

సగం తింది. మిగతా సగం ఇక తినలేనని నా చేతిలో పెట్టింది. జేబులో పెట్టుకోలేదు. బాగుంది అని కూడా అనలేదు. నేను అడగలేదు.

మార్చి 27

రోజుకి సగం. నిన్న ముప్పావు. పొద్దున్నే నాలుగు సీసాలు ముందు పెట్టుకుని కూర్చుంటుంది. నిమ్మ తొక్క, లవంగాలు, కాఫీ పొడి, పుదీనా. ఏమీ రావట్లేదట. అయినా కూర్చుంటుంది. పక్కన కూర్చుని నాకు ఏమనిపిస్తే అది చెబుతాను. పిన్ని "మొగుడూ పెళ్ళాలు సీసాలు వాసన చూసుకుంటూ కూర్చుంటే చొక్కాలెవడు కుడతాడ్రా" అంటోంది.

ఏప్రిల్ 6, ఆదివారం

నలభై ఐదు.

ఏప్రిల్ 7

ఇవాళ ఏమీ తినలేదు. సీసాలన్నీ పక్కకి తోసేసింది. "ఇక రాదేమో" అంది. వస్తుందిలే అంటే అబద్ధం. పక్కన కూర్చుని కీరా కోశాను. సాయంత్రానికి రెండు చక్రాలు తింది.

ఏప్రిల్ 13, ఆదివారం

బావమరిది వచ్చాడు. వాడికి శాండ్‌విచ్ తనే చేసి పెట్టింది. కొరికి, "అక్కా, బావ చేసిన దానికీ దీనికీ..." అని మొదలుపెట్టి నా మొహం చూసి ఆపేశాడు.

"చెప్పరా" అన్నాను. "నిజమే చెప్పు."

"నీది తిన్నాక దవడలు నొప్పెట్టలేదు బావా. ఇది తింటే నొప్పెడుతున్నాయి."

మా ఆవిడ ఎంత సంతోషపడిందో రాయలేను.

ఏప్రిల్ 27, ఆదివారం

నలభై ఏడు. వాసన రాలేదు. లవంగం దగ్గర ముక్కులో ఏదో చురుక్కుమందని మొన్న అంది, అది వాసనో కాదో తనకే తెలీదట.

అయినా రేపు కాంటీన్‌కి వెళ్తోంది. మేనేజరుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. నేను పక్క గదిలో కత్తెర పక్కన పెట్టి విన్నాను. "వాసన గిన్నెలు కడిగే ఆమె చూస్తుంది, చేతులు నావే" అంటోంది. ఆయన ఏమన్నాడో తెలీదు. ఫోన్ పెట్టేసి వచ్చి, "నెల రోజులు చూద్దామన్నాడు. పదకొండు గంటల శాండ్‌విచ్ మాత్రం నన్నే చేయమన్నాడు" అంది.

మధ్యాహ్నం గౌను తెచ్చి మిషను మీద పెట్టింది. "వేసుకుంటే బిగుసుకుపోతోంది. ఊపిరాడట్లేదు. మీరేమో కత్తిరించేశారు, ఇప్పుడు దీనికి అతుకు వేయాలేమో. రేపటికి అవుతుందా?"

గౌను తిరగేశాను. జేబులు దులిపాను, అలవాటు. ఖాళీ. నడుము దగ్గర ఒక దారం కొస పట్టుకుని లాగాను. కచ్చా కుట్టు కదా, ఒక్క లాగుకి చివరిదాకా వచ్చేసింది. రెండో దారం లాగాను. లోపల మడిచిన బట్టంతా విచ్చుకుంది. రెండున్నర అంగుళాలు, కుట్టినప్పుడు ఎంతుందో అంత.

తను ఆ మడత గీత మీద వేలు పెట్టి చూసింది.

"కత్తిరించమన్నాను కదా. మార్చిలో."

"బట్ట మంచిది, అందుకే" అన్నాను.

ఊడిన దారం తీసుకుని వేలికి చుట్టుకుంటూ, "అబద్ధం చెప్పడం నాకంటే మీకే చేతకాదు" అంది.

టేపు తీశాను. ముప్పై. పన్నెండో పేజీలో పాత కొలత కింద రాసుకుని, గీత పోయేదాకా గౌను ఇస్త్రీ చేశాను. ఈసారి తడి గుడ్డ పరిచి.